నిచ్చెన వెళ్లిపోవడం మన మంచికే

శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు మన బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాడు నిచ్చెన ఓడరేవు జట్టు ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కాసేపటికి అదే పెన్ను అందుకుని మన ఇంకో ఆటగాడు బొంగరం కూడా పెట్టాడు.

ఈ ఇద్దరూ ఎవరో ఆట చూడనివాళ్లకు చెప్పాలి. పేర్లు అభిమానులు పెట్టినవి. నిచ్చెన బాస్కెట్ కింద నిలబడతాడు. అవతలివాళ్లు వేసిన బంతిని ఆపుతాడు. మనవాళ్లు వేసి తప్పిన బంతిని పట్టి మళ్లీ వేస్తాడు. బొంగరం ఆ బంతిని అతని దాకా చేరుస్తాడు. కిందటి సీజన్‌లో మనం గెలిచిన మ్యాచ్‌లు ఈ ఇద్దరివల్ల గెలిచాం. ఓడినవి జట్టు సమష్టి కృషి.

శనివారం పొద్దున్నుంచి అభిమానులు నాకు ఫోన్లు చేసి బాధపడుతున్నారు. ఎందుకండీ బాధ? ఈ మధ్యకాలంలో మన ఊరికి ఇంతకంటే మంచి జరిగిందా?

ఆలోచించండి. నిచ్చెన ఉన్నన్నాళ్లూ ఎవరు గెలుస్తారో చివరి నిమిషం దాకా తేలేది కాదు. తేలాక అందరం ఒక్కసారే లేచి, ఒక్క గేటులోంచే తోసుకుని, పార్కింగ్‌లో ఇరుక్కునేవాళ్లం. ఇక ఆ అవస్థ లేదు. విరామానికే తేలిపోతుంది. ఇంటికెళ్లి వేళకు భోంచేసి పడుకోవచ్చు!

మా పక్కింటాయన మ్యాచ్ చూస్తూ గోళ్లు కొరికేవాడు. కొన్నేళ్లుగా ఆ ఇంట్లో నెయిల్ కట్టర్ అవసరం పడలేదు. నిన్న కొన్నాడు. వ్యాపారం పుంజుకున్నట్టా కాదా?

డ్రెస్సింగ్ రూమ్‌లో ట్యూబ్‌లైట్ పోతే నిచ్చెన నేలమీద నిలబడే మార్చేవాడు. ఇప్పుడు వాచ్‌మన్ స్టూల్ కావాలన్నాడు. ఒక వడ్రంగికి పని దొరికింది. కప్పుల బీరువాలో చోటు చాలక కిందటేడాది కప్పును ఫ్రిజ్ మీద పెట్టారు. ఫ్రిజ్ తలుపు వేసినప్పుడల్లా అది కిందపడేది. ఇక కొత్త కప్పులు రావు. ఫ్రిజ్ తలుపు నిశ్చింతగా వేసుకోవచ్చు.

ఇంత మేలు ఎవరివల్ల జరిగిందో తెలుసుకుని దండం పెట్టుకోవడం మన ధర్మం. ఆ ధర్మం కోసమే ఈ కాలమ్.

ఆఫ్‌సీజన్ అంటే ఆట లేని కాలమని అమాయకులు అనుకుంటారు. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. కోర్టులో కాదు, క్లబ్ మేడమీద కమిటీ గదిలో.

ఈసారి ఆట ఇది. లీగ్ నియమం ప్రకారం జట్టులో పన్నెండు మందికి మించకూడదు. నిచ్చెనకూ బొంగరానికీ ఒప్పందాలు ముగిశాయి. మిగిలినవాళ్లు పదకొండు మంది. అంటే ఇద్దరికి ఒకటే చోటు. ఇద్దరినీ ఉంచుకోవాలంటే ఆ పదకొండు మందిలో ఒకరిని తీసెయ్యాలి. ఆ ఒకరు ఎవరో కోచ్‌కు తెలుసు, ప్రేక్షకులకు తెలుసు, టికెట్లు చింపే మనిషికి కూడా తెలుసు. బెంచీ చివర కూర్చునే కుర్రవాడు. సీజన్ అంతా కూర్చున్నాడు. చైర్మన్ గారి మేనల్లుడు.

ఇక కమిటీ సంగతి. మన కమిటీకి ఒక సంప్రదాయం ఉంది. సభ్యులు మాట్లాడాక చైర్మన్ గారు చివర్లో మాట్లాడతారు. చైర్మన్ గారి మనసులో ఏముందో తెలిశాక సభ్యులు మాట్లాడతారు. రెండూ మర్యాదలే. రెండిటినీ కలిపి పాటిస్తే ఏసీ చప్పుడు వినిపిస్తుంది.

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. సభ్యులు ఏడుగురు. అందరూ మౌనం. అంటే మూడున్నర అంగీకారాలు! దేనికి అంగీకారమో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇలా ఆఫ్‌సీజన్ అంతా సమావేశాలు జరిగాయి. కోచ్‌కు ఆ గదిలో ఒక కుర్చీ ఉంది. అడిగితే మాట్లాడాలి. అడగలేదు. అలాగని కమిటీ పని చేయలేదని అనకండి. వీఐపీ వరసకు కొత్త సోఫాలు తీర్మానించింది. సోఫాల రంగు మీద ఏ మేనల్లుడూ కూర్చుని లేడు కనుక అది ఏకగ్రీవం.

గది బయట ఒక బెంచీ ఉంది. నిచ్చెన దానిమీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. పోయిన బుధవారం నేను సమావేశంలోంచి బయటికొచ్చేసరికి అతను అక్కడే ఉన్నాడు.

"అన్నా, లోపల ఏమంటున్నారు?" అని అడిగాడు.

"ఏమీ అనట్లేదు తమ్ముడూ."

"కోపంగా అనట్లేదా, మామూలుగా అనట్లేదా?"

అతనే మళ్లీ అన్నాడు: "ఉండమంటే ఉంటా. పొమ్మంటే పోతా. ఏదో ఒకటి నోరు తెరిచి చెప్పమనన్నా. ఓడరేవు జట్టువాళ్లు శుక్రవారం ఐదింటి దాకే ఆగుతామన్నారు. ఆ మాట కోచ్‌తో లోపలికి పంపించా కూడా."

నిచ్చెన భార్య స్టేడియం వెనక ఆసుపత్రిలో నర్సు. ఓడరేవు ఊరు రైల్లో రాత్రంతా ప్రయాణం. అక్కడ ఆమెకు ఉద్యోగం లేదు. ఆమె ఇక్కడ, అతను అక్కడ ఉండాలి. లేదా ఆమె డ్యూటీ మానేయాలి.

"మా ఆవిడ పొద్దున సామాను సర్దుతుంది, సాయంత్రం విప్పుతుంది. నిన్న కుక్కర్ మూత ఏ పెట్టెలో పెట్టిందో దొరకలేదు. పళ్లెం బోర్లించి వండింది."

"ఏమంటోంది?"

"'మీ కమిటీవాళ్లు ఆలోచిస్తున్నారన్నావు కదా, దేంతో?' అంటోంది."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడం నా పని కనుక బయల్దేరాను.

కమిటీ సభ్యుడైన వకీలుగారిని కోర్టు మెట్ల మీద పట్టుకున్నాను. "నిచ్చెన లేకపోతే జట్టెక్కడిదండీ! కానీ తీసెయ్యాల్సింది ఎవరినో మీకు తెలీదా? పిల్లి మెడలో గంట నేనే కట్టాలా?" అన్నారు.

డాక్టరుగారు రోగి నాడి పట్టుకునే సమాధానం చెప్పారు. "వకీలుగారు అంటారేమోనని చూస్తున్నానండీ. వాదించడం ఆయన వృత్తి కదా!"

మిగతా సభ్యులూ ఇదే మాట వేరే వేరే కుర్చీల్లో కూర్చుని చెప్పారు. ఏడుగురికి ఏడుగురూ ఇద్దరినీ ఉంచుకోవాలనే అన్నారు. తలుపు వేసి అన్నారు.

చైర్మన్ గారు తలుపు వేయడంతో ఆగలేదు, గడియ కూడా పెట్టారు. "మా మేనల్లుణ్ని తీసెయ్యమని ఒక్కడంటే ఒక్కడు అంటాడేమోనని ఎదురు చూస్తున్నానయ్యా! నోట్లో నీళ్లు పోసుకుని కూర్చుంటారు. నా అంతట నేనంటే మా అక్క నన్ను గుమ్మం తొక్కనిస్తుందా?"

మేనల్లుడు ఫొటో స్టూడియోలో దొరికాడు. అక్కడ పని నేర్చుకుంటున్నాడు.

"ఆట నాకు రాదు సార్. రాదని నాకు తెలుసు, బంతికి తెలుసు" అన్నాడు.

"మరి మానెయ్యొచ్చు కదా బాబూ?"

"మామయ్య ముచ్చటపడి చేర్పించాడు. మొహమ్మీద ఎలా చెప్పను? పైగా అమ్మ ఆశలు పెట్టుకుంది."

శుక్రవారం మధ్యాహ్నం ఆ అమ్మగారింటికి వెళ్లాను. చైర్మన్ గారి అక్కగారు ఆరేసిన బట్టలు తీస్తున్నారు.

"ఆశలా? కూర్చుని కూర్చుని నడుంనొప్పి తెచ్చుకున్నాడండీ వాడు! ఎప్పుడు మానేస్తాడా అని చూస్తున్నా. మా తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా. ఉండండి, ఇప్పుడే వాడికి ఫోన్ చేస్తా."

చేశారు. "ఒరేయ్, మావాణ్ని వదిలెయ్యరా నాయనా" అన్నారు. అటు నుంచి వచ్చిన నిట్టూర్పు నాకూ వినిపించింది.

గమనించారా పాఠకులారా, ఎంత సంస్కారం! తమ్ముడి మనసు నొప్పించకూడదని అక్క. అక్క మనసు నొప్పించకూడదని తమ్ముడు. మామయ్య కోసం మేనల్లుడు. చైర్మన్ కోసం ఏడుగురు. ఇన్ని మనసుల్ని ఇంత భద్రంగా కాపాడిన క్లబ్ ఇంకొకటి ఉందా? గది బయట బెంచీ మీద కూర్చున్నవాడి మనసు ఒక్కటే లెక్కలోకి రాలేదు. అతను కమిటీ సభ్యుడూ కాదు, ఎవరికీ మేనల్లుడూ కాదు.

శుక్రవారం సమావేశం నాలుగింటికి. ఇక అడ్డేముంది? కాగల కార్యం అక్కగారు తీర్చేశారు కదా! ఐదు లోపు తీర్మానం అయిపోతుందనే నేనూ అనుకున్నాను.

కానీ మర్యాద రాకపోకలకూ వర్తిస్తుంది. చైర్మన్ గారు మేడ మెట్లెక్కితే గానీ సభ్యులు బయల్దేరరు. ఆయనకంటే ముందొస్తే ఆత్రపడినట్టుంటుంది. సభ్యులంతా కూర్చుంటే గానీ చైర్మన్ గారు లోపలికి రారు. ఖాళీ గదిలోకి వెళ్తే చిన్నతనంగా ఉంటుంది. చైర్మన్ గారు కింద కార్లో కూర్చున్నారు. సభ్యులు ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చున్నారు.

నిచ్చెన, బొంగరం ఎదురుగా రోడ్డవతల టీకొట్టులో కూర్చున్నారు. ఓడరేవు జట్టు మనిషి కాగితాలు బల్లమీద పెట్టి, ఎగరకుండా పైన గ్లాసు పెట్టాడు. నిచ్చెన మేడ కిటికీ వైపు చూశాడు. ఏసీ చల్లదనం పోకుండా కర్టెన్ వేసి ఉంది.

ఎవరి ఓపిక ముందు చచ్చిందో గానీ, ఐదు దాటాక సభ్యులంతా వచ్చారు. చైర్మన్ గారు వచ్చారు. ఆనవాయితీ ప్రకారం ఫోన్లన్నీ గది బయట ట్రేలో పెట్టారు. తలుపు వేశారు. కోచ్ ఫోన్ ట్రేలో మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

ఆ రోజు చైర్మన్ గారు సంప్రదాయం పక్కనపెట్టి ముందుగా మాట్లాడారు. "ఇద్దరినీ ఉంచుకుందాం. మావాణ్ని వదిలేద్దాం" అన్నారు. ఏడుగురూ ఒక్కసారే మాట్లాడారు. తామూ మొదటినుంచీ అదే అనుకున్నామన్నారు. చప్పట్లు కింద వాచ్‌మన్‌కు వినిపించాయి. తీర్మానం ఏకగ్రీవం.

కోచ్ ఆ మాట చెప్పడానికి తలుపు తీసుకుని ఖాళీ బెంచీ దగ్గరికి వచ్చాడు. తర్వాత ట్రేలోంచి ఫోన్ తీసుకున్నాడు.

మేనల్లుడు ఆ సాయంత్రమే లాకర్ తాళంచెవి వాచ్‌మన్‌కు ఇచ్చి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్లాడు. నిచ్చెన ఇంట్లో శనివారం సామాను సర్దారు. విప్పలేదు. ఆదివారం రాత్రి రైలుకు అతనొక్కడే వెళ్లాడు. ఆమెకు డ్యూటీ ఉంది.

సోమవారం క్లబ్ లీగ్ ఆఫీసుకు జట్టు వివరాలు పంపింది. ఆటగాళ్లు పది మంది.