తలుపుకి కప్పిన శాలువా

గుత్తుల నాగభూషణం ఎస్కేప్ రూములో ఇరుక్కుపోయిన మూడో రోజున, అతను విజయవంతంగా బయటపడ్డట్టు రేవుపాలెం పురపాలక సంఘం ప్రకటించి సన్మానం చేసింది. అతను ఇంకా లోపలే ఉన్నందువల్ల శాలువాని తలుపుకి కప్పారు. దండని పిడికి తగిలించారు. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, తలుపు కూడా బాగానే పడింది.

ఎస్కేప్ రూమ్ అంటే టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళి, తలుపు వేయించుకుని, ఆనవాళ్ళు వెతికి, తాళంచెవి సంపాదించి బయటపడే ఆట. ఇంట్లో ఇరుక్కున్నది చాలనట్టు రేవుపాలెం జనం దీనికి ఎగబడ్డారు. మొదట్లో గదుల్ని ఊరి వడ్రంగులే కట్టేవారు. చేపల వేలంపాట గది ఒకటి, రేషన్ షాపు గది ఒకటి, దేని కిటుకు దానిదే. రేషన్ షాపు గదిలోంచి బయటపడ్డవాళ్ళు ఇంటికెళ్ళి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కారు, అంత తృప్తిగా ఉండేది.

తర్వాత ఒక కంపెనీ ఒకే అచ్చులో గదులు పోసి, లారీల మీద తెచ్చి, క్రేనుతో వీధికొకటి దింపింది. ప్రతి గదీ ఎవరో దొరగారి చదువుకునే గదే. మాఘమాసంలో కూడా ఫ్యాను తిరిగే ఊళ్ళో, ప్రతి గదిలో చలి కాచుకునే పొయ్యి. అట్టలే తప్ప కాగితాలు లేని పుస్తకాలు, ఒక ప్లాస్టిక్ పుర్రె, గోడకి తెరచాప ఓడ బొమ్మ. తాళంచెవి ఓడ బొమ్మ వెనకాల ఉంటుంది. అన్ని గదుల్లోనూ అక్కడే ఉంటుంది. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలని పెద్దలు అన్నారు గాని, రోజూ ఆ మెతుకే తినమని అనలేదు.

అయినా ఔత్సాహికులు మానలేదు. వెళ్ళగానే బొమ్మ ఎత్తి తాళంచెవి తీస్తే టిక్కెట్టు దండగ, పైగా బయట టీవీలో చూస్తున్న బంధువుల ముందు చిన్నతనం. కాబట్టి కాసేపు వెతికినట్టు వెతకాలని ఒక మర్యాద ఏర్పడింది. ఆ మర్యాదలో నాగభూషణాన్ని మించినవాడు లేడు. గోడలు తట్టేవాడు, పుర్రెని ప్రశ్నలడిగేవాడు, నిరాశపడి కూలబడేవాడు, ఆఖరికి ఉలిక్కిపడి ఓడ వైపు చూసేవాడు. చెమట కోసం జేబులో తడి రుమాలు ఉండేది. కరెంటాఫీసు గుమాస్తా అయిన అతన్ని, ఈ ప్రతిభ చూసే ఔత్సాహికుల సంఘం అధ్యక్షుణ్ణి చేసింది. సంఘానికి నియమాలు రెండే. సాయం కోసం ఎర్ర గంట నొక్కినవాడు ఔత్సాహికుడు కాడు. తాళంచెవి దొరక్కుండా తలుపు ముట్టుకున్నవాడు మనిషే కాడు. రెండూ అతను రాసినవే.

మార్కెట్టు వీధిలో కొత్తగా దింపిన గదిలో ఓడ బొమ్మ వెనకాల తాళంచెవి లేదు. నాగభూషణం బొమ్మని తగిలించి మళ్ళీ ఎత్తాడు. అప్పుడూ లేదు. ఇక నిజంగా వెతకాల్సి వచ్చింది, ఎలా వెతకాలో తనకి తెలియదని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళలో అతను ఒక్కసారి కూడా దేన్నీ వెతకలేదు. పుర్రె ముందు నిలబడితే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రుమాలు అవసరం లేకుండానే చెమట పట్టింది. అధ్యక్షుడు ఇంత సహజంగా ఎప్పుడూ చెయ్యలేదని బయట టీవీ ముందు జనం చప్పట్లు కొట్టారు. ఎర్ర గంట మీద వేలు పెట్టబోయినవాడల్లా ఆ చప్పట్లు విని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మూడో రోజున పురపాలక సంఘం వినోద విభాగం సూపరింటెండెంటు కుసుమకుమారి తనిఖీకి వచ్చింది. గాలి కోసం పెట్టిన జాలీ దగ్గర ఆమెని నిలబెట్టి, నాగభూషణం గొంతు తగ్గించి సంగతి చెప్పుకున్నాడు. ఆమె ఓపిగ్గా వివరించింది. గదులన్నీ నమూనా గదికి అచ్చమైన నకళ్ళని పై ఆఫీసు ధ్రువీకరించింది. నమూనా గదిలోంచి అతను ఏనాడో బయటపడ్డాడు. కాబట్టి ఇందులోంచి కూడా పడ్డాడు.

"మీరు బయటే ఉన్నారండి," అంది.

"నేను లోపలున్నానండి."

"అలా అనిపిస్తే ఫిర్యాదు ఇవ్వొచ్చండి. మీరే స్వయంగా మా ఆఫీసుకొచ్చి ఇవ్వాలి."

"రాగలిగితే ఫిర్యాదెందుకండి?"

"అందుకేనండి, ఇంతవరకూ ఒక్కటి కూడా రాలేదు."

ఆ సాయంత్రమే సన్మానం జరిగింది. బయటపడ్డవాడు కనక కరెంటాఫీసులో హాజరు కూడా పడింది. అతని కుర్చీ ఖాళీగా ఉండటం అక్కడ ఎవరికీ కొత్త కాదు.

అతని భార్య పద్మజ రోజూ జాలీలోంచి ఇడ్లీ పొట్లాలు అందిస్తోంది. మర్నాడు ఆదివారమని చేపల పులుసు చేసి తెచ్చింది. పులుసు క్యారేజీ జాలీలో పట్టదు. జనం భోజనాలకి వెళ్ళిన వేళ, క్యారేజీ కింద పెట్టబోతూ ఆమె తలుపుకి భుజం ఆనించింది. తలుపు లోపలికి జరిగింది.

ఫ్యాక్టరీలో తాళంచెవి మర్చిపోయినవాళ్ళు తాళం కూడా మర్చిపోయారు.

సందులోంచి మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె తాళం ఉండాల్సిన చోట ఉన్న కన్నాన్ని చూసింది, తర్వాత మాసిన గడ్డంతో ఉన్న అతన్ని చూసింది. పెళ్ళయ్యాక అతను ఆమె ముందు తల దించుకోవడం అదే మొదటిసారి.

"రండి. ఇంటికి పోయి తిందాం," అంది.

నాగభూషణానికి ఇల్లు గుర్తొచ్చింది. వెళ్ళాలని కాళ్ళు లేచాయి కూడా. కాని బయట అడుగు పెడితే, ఇన్నాళ్ళూ తెరిచిన తలుపు ముందు కూర్చున్నవాడిగా పెడతాడు. వీధి చివర సంఘం సభ్యులు పళ్ళు కుట్టుకుంటూ తిరిగొస్తున్నారు.

"మూసెయ్యి పద్మజా," అన్నాడు.

"ఏవండీ."

"వాళ్ళొస్తున్నారు. మెల్లిగా మూసెయ్యి."

పద్మజకి కోపం రాలేదు. అతని సిగ్గు ఆమెకీ అంటుకుంది. క్యారేజీ లోపలికి జరిపి, తలుపు దగ్గరికి లాగి, శాలువా సర్దింది. సభ్యులు దగ్గరికొచ్చాక వాళ్ళకి వినబడేలా, తలుపు చాలా గట్టిదని చెప్పింది. వాళ్ళు గౌరవంగా రెండడుగులు వెనక్కి నిలబడ్డారు.

ఫ్యాక్టరీ లెక్కల్లో ఒక తాళం మిగలడంతో, తాళం లేకపోయినా గదిలో మనిషి నిలుస్తాడని కంపెనీకి తెలిసింది. ఆ తర్వాత పోసిన గదులన్నిటికీ తాళాలూ తాళంచెవులూ మానేసింది, ఖర్చు కలిసొచ్చింది. ఇప్పుడు రేవుపాలెంలో ఏ వీధిలో చూసినా గది నిండే ఉంటోంది. లోపలివాళ్ళు ఓడ బొమ్మ ఎత్తి చూసి, మళ్ళీ తగిలించి కూర్చుంటున్నారు. ఒక్కరూ తలుపు ముట్టుకోలేదు. బయట చప్పట్లు బాగానే పడుతున్నాయి.

ఒకరోజు ఖాళీ క్యారేజీతో ఇంటికొస్తున్న పద్మజని ఎదురింటి సీతారత్నం ఆపి, మీ ఆయన ఈమధ్య కనబడటం లేదేమని అడిగింది.

"బయటికొచ్చేశారండి. లోపలున్నారు," అంది పద్మజ.

సీతారత్నం ఆశ్చర్యపోలేదు. ఆమె ఇంటి లోపల్నించి ఎవరో కాఫీ అన్నారు. ఆమె అటు చూసి, ఇటు చూసి, గొంతు తగ్గించింది.

"నేనూ ఎప్పుడో వచ్చేశానమ్మా," అని చెప్పి, లోపలికి వెళ్ళి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకుంది.