అధ్యక్షులవారి క్రియాపదం

ఆ ఉదయం, ప్రభుత్వ టీవీలో భాషాదోషాలు దిద్దే మొంజీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీవీ తెర అడుగున పరుగెత్తే వార్తల వరుసలు దిద్దేసి, పదింటికల్లా కింది కొట్టుకు వెళ్లి, హరీసా కారం కలిపిన వేడి శనగల పులుసులో రొట్టె ముంచుకు తినాలి. పదవీ విరమణకు ఇంకా ఎనిమిది నెలలుంది. అంతవరకూ ఎవరి కంటా పడకుండా ఉంటే చాలు.

మొదటి వరుస: "అధ్యక్షులవారు పోలింగు కేంద్రాలను సందర్శిస్తారు." అరబ్బీలో ఆ క్రియను 'యజూర్' అని చదవాలి. అచ్చుల గుర్తులు ఎవరూ పెట్టరు గనక, అవే అక్షరాలను 'యుజవ్విర్' అని కూడా చదవవచ్చు. అంటే దొంగవి సృష్టిస్తారని. ఎన్నికల సంగతైతే రిగ్గింగు చేస్తారని. ఇరవై ఆరేళ్లుగా ఆ మాట దిద్దుతున్న మొంజీకి ఆ రెండో అర్థం ఆ ఉదయమే కనిపించింది. అది కనిపించాక మొదటిది కనిపించడం మానేసింది. గబగబా "పరిశీలిస్తారు" అని మార్చేశాడు.

ఐదు నిమిషాల్లో డైరెక్టర్ శాద్లీ వచ్చి మీద నిలబడ్డాడు.

"ఏమయ్యా మొంజీ, అధ్యక్ష భవనం పంపిన మాటనే మారుస్తావా? ఏమొచ్చింది దానికి?"

"ఏం లేదండీ... ఎవరైనా ఇంకోలా చదువుతారేమోనని."

"ఇంకోలా అంటే?"

మొంజీ చెవిలో చెప్పాడు. శాద్లీ ఆ వరుసను మళ్లీ చదివాడు.

"నాకెందుకు చెప్పావయ్యా! ఇప్పుడు నాక్కూడా అలాగే కనిపిస్తోంది!"

తెలిసీ ఊరుకున్నాడన్న మాట రాకూడదని శాద్లీ అన్ని విభాగాలకూ తాఖీదు పంపాడు: అధ్యక్షులవారి విషయంలో ఆ క్రియ వాడరాదు, కారణం అడగరాదు. అందరూ కారణం అడిగారు. వార్తలు చదివే రౌదా అది తెలుసుకున్న పావుగంటకే ప్రత్యక్ష ప్రసారంలో కూర్చుంది. ఎవరూ మార్చని పాత వరుసొకటి ఎదురైంది. "అధ్యక్షులవారు పాల కేంద్రాన్ని..." అని ఆగి, పెదవి కొరుక్కుని, ఫక్కున నవ్వేసింది.

మధ్యాహ్నానికి ఆ తాఖీదు ఊరందరి ఫోన్లలో ఉంది. జనం పాత వార్తలు తవ్వి కొత్తగా చదవసాగారు. అధ్యక్షులవారు ఆసుపత్రినీ, పిండిమరనూ, చివరికి సొంత తల్లినీ దొంగగా సృష్టించారని తేలింది.

"బాబాయ్, పొద్దున్నే ఆ శనగలు తినడానికి వెళ్లిపోయి ఉంటే దేశం ప్రశాంతంగా ఉండేది కదా!" అంది రౌదా మొంజీతో, నవ్వి నవ్వి చెదిరిన కాటుక తుడుచుకుంటూ.

సాయంత్రం అధ్యక్ష భవనం నుంచి అధికారి వచ్చాడు. మాటలో తప్పు లేదనీ, తప్పుందని కాగితం మీద పెట్టినవాడిదే తప్పనీ చెప్పి, ముందు శాద్లీని ఇంటికి పంపించాడు. తరువాత మొంజీని పిలిచాడు.

"మొదట నీకే తట్టిందట?"

"కావాలని కాదండీ. దానంతటదే..."

"ఇదివరకు కూడా ఇలాంటివి తట్టేవా?"

లేదనడానికే నోరు తెరిచాడు మొంజీ. కానీ లోపలికి ఒకసారి తొంగి చూసుకుంటే, ఇరవై ఆరేళ్లుగా తట్టినవన్నీ అక్కడ బారులు తీరి, తమ వంతు కోసం కూర్చుని ఉన్నాయి.

"రోజూనండీ," అన్న మాట తన గొంతులోంచే వినిపించింది.

అధికారి తృప్తిగా తలాడించాడు. "మంచిది. మాకెవరికీ తట్టవు."

అతను చేతిలో పెట్టిన ఉత్తర్వు ప్రకారం మొంజీ పదవీ విరమణ రద్దయింది. ఇకనుంచి ప్రసారానికి ముందు ప్రతి వాక్యమూ మొంజీ గదికి వస్తుంది. అందులో ఎంత చెడ్డ అర్థం తీయవచ్చో అతను తీసి చూపించాలి.

అధ్యక్షుడి గురించి పగలంతా చెడుగా ఆలోచించడానికి అనుమతి ఉన్న మనిషి ఇప్పుడు ఆ దేశంలో మొంజీ ఒక్కడే.