మామిడిచెట్టు మీద తపస్సు

మొగుడూ పెళ్లాల గొడవ రెండో కాఫీ దాకా వచ్చింది. మామిడిగుజ్జు ఫ్యాక్టరీవాళ్లు కాయ తోలడానికి టోకెన్ ఇచ్చింది ఈరోజుకే, ట్రాక్టరు వచ్చేలోపల కాయ కోయాలని ప్రసూనాంబ. ఊళ్లో ఏటా భారతం ఆడే మేళానికి పెద్ద రాజారత్నం వేషాలు ఖాయం చేసేదీ ఈరోజే, తాను ఇంటిదగ్గర ఉండాలని యోగానంద.

"ఏటేటా ఇచ్చేది ద్వారపాలకుడి యాసమే గదా. దానికి ఇల్లు పట్టుకోని కూసోవాల్నా?" అంది ఆమె.

అతను తోటకు బయల్దేరాడు. అర్జునుడి వేషం కట్టి, ఊరంతా చూస్తుండగా తపస్సు ఘట్టానికి నాటే ఎత్తైన మాను ఎక్కి, పద్యాలు పాడుతూ పైనుంచి నిమ్మకాయలు విసరాలన్నది అతని చిరకాల కోరిక. ఆ ప్రసాదం కొంగులో పడితే కడుపు పండుతుందని ఆడవాళ్లు తడిబట్టలతో కింద కాచుకుని ఉంటారు. ఆ వేషం దక్కని ప్రతి ఏడూ తోటలోని మోటారు షెడ్డులో పడుకుని, ఆ వైభవమంతా కళ్లు మూసుకుని చూసుకోవడం అతనికి అలవాటు.

కాయ కోయడానికే చెట్టెక్కాడు. పైకొమ్మ చేరేసరికి తెలియకుండానే తపస్సు పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఆరోజు బాగా పలికింది.

గట్టు మీద నీళ్లబిందెతో పోతున్న పక్కతోట మునెమ్మ ఆగింది. వేషాలు ఖాయమయ్యే రోజని ఆమెకూ తెలుసు. అర్జునుడు ఇతనికే దక్కిందనీ, దీక్ష పట్టాడనీ అనుకుంది. కోడలికి ఇంకా బిడ్డలు లేరు. బిందె నెత్తిన కుమ్మరించుకుని చెట్టు కింద కొంగు పట్టింది. అది చూసి కూలికి వచ్చిన ఆడవాళ్లూ గంపలు వదిలేసి వచ్చారు.

కాదని చెప్పడానికి యోగానందకు నోరు రాలేదు. నిమ్మకాయలు లేవు కాబట్టి ఒక మామిడికాయ తెంపి వదిలాడు. సరిగ్గా మునెమ్మ కొంగులో పడింది. ఇక ఆగలేదు. పద్యానికొక కాయ కాస్తా పాదానికొకటైంది. ఆ చెట్టు ఖాళీ కాగానే పక్క చెట్టెక్కాడు. కొంగులన్నీ వెంట నడిచాయి. ప్రసాదం ఎవరూ అమ్మరు కనుక ఎవరికి పడినవి వాళ్లు మూట కట్టుకున్నారు.

ట్రాక్టరూ, దాని మీద ప్రసూనాంబా, వెనకనే సైకిలు మీద రాజారత్నమూ వచ్చారు. సగం చెట్లు ఖాళీ, గంపలు ఖాళీ, మూటలు నిండుగా. ఆమె నోరు తెరిచేలోపలే రాజారత్నం తలెత్తి చెప్పాడు.

"దిగప్పా యోగా. అర్జునుడు ఈసారీ రవిచంద్రకే ఇచ్చినాము. నువ్వెక్కితే నీ బరువుకు మాను నిలవదని పెద్దోళ్లు బయపడినారు."



"అట్లయితే ఇది ప్రసాదం గాదా?" అంది మునెమ్మ.

"యాడి ప్రసాదమమ్మా. వొట్టి మామిడికాయ," అన్నాడు రాజారత్నం.

"వొట్టి కాయ మా తోటలోనూ ఉండాది," అని ఆమె మూట విప్పి ట్రాక్టరులో పోసింది. మిగతావాళ్లూ పోశారు. నేల తాకకుండా కొంగుల్లో దిగిన కాయలు, ఒక్కదానికీ దెబ్బ లేదు. తిట్టడానికి సిద్ధమైన ప్రసూనాంబకు పని లేకుండా పోయింది.

యోగానంద చూపు మోటారు షెడ్డు వైపు పోయింది. దిగి వెళ్లి పడుకుని కళ్లు మూసుకుంటే చాలు, వచ్చే ఏడాది అర్జునుడు అక్కడ తయారుగా ఉంటాడు. ఇంతలో ప్రసూనాంబ చెట్టు కిందికి వచ్చి కొంగు పట్టింది.

"ట్రాక్టరు ఇంకా సగమే నిండినాది. అర్జునుడు గాకుంటే కాయ తెగదా?"

అతను ఒక కాయ తెంపి, గురి చూసి వదిలాడు. కాసేపటికి పద్యం కూడా అందుకున్నాడు. ఈసారి కూలివాళ్లు వంత పాడారు.

సాయంత్రం సంగటి తింటూ, తల్లి రుక్మిణమ్మా కూతురు ధరణీ వింటుండగా, నెమ్మదిగా చెప్పాడు.

"ఇంగ అర్జునుడి కోసం కాసుకోని ఉండను. వాళ్లిచ్చే యాసమే కట్టుకుంటా. పగలు తోటలో ఉంటా."

ప్రసూనాంబ పూర్తిగా నమ్మలేదు గానీ, ఇంకొక ముద్ద పెట్టింది.