ముగ్గురు హనుమంతులు

పదేపదే నేరాలు చేసేవాళ్ల కోసం పెట్టిన ప్రత్యేక ప్రాసిక్యూషన్ పథకం మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో నూటికి నూరు శాతం విజయం సాధించిందని మూల్యాంకన కమిటీ ఛైర్మన్ భీమరావుగారు ప్రకటించారు. విజయం సాధించిందో లేదో చూసే సమావేశం ఆ తర్వాత పెట్టారు. పెద్దవాళ్ల ముందుచూపు అలా ఉంటుంది.

బాధితుల తరఫున నన్ను పిలిచారు. మా ఆయన సుకుమార్ టమోటా లారీ తోలుకుని చెన్నై పోయినప్పుడు హనుమంతు అనేవాడు మా ఇంట్లో దూరి, నా గొంతు మీద కత్తి పెట్టి గొలుసు తీసుకుపోయాడు. బిడ్డ ఉయ్యాల్లో ఉంది. అతనికి బెయిలొచ్చింది. ఇప్పుడు మా వీధిలోనే తిరుగుతూ, కనబడితే "పాప బాగుండాదా అమ్మా?" అని అడుగుతాడు. ఒకటికి మించి కేసులున్నవాణ్ని పథకంలో చేరుస్తారట, చేరిస్తే బెయిలు రద్దవుతుందట. అందుకే బిడ్డను చంకనేసుకుని పోయాను.

కల్యాణ మండపంలో ఏసీ చల్లగా ఉంది. భీమరావుగారు మైకందుకున్నారు.

"మూడు ఊళ్లూ గాలించాం. రిపీట్ అఫెండర్ ఒక్కడూ లేడు. కూకటివేళ్లతో పెకలించాం!"

చప్పట్లు. నేను లేచాను.

"సార్, హనుమంతు ఉండాడు కదా?"

ప్రోగ్రామ్ ఆఫీసర్ కుసుమగారు కంప్యూటర్లో వెతికారు. ఆమె ఓపికను మెచ్చుకోవాలి.

"మదనపల్లెలో హనుమంతు, ఒక కేసు. పుంగనూరులో హనుమంతప్ప, ఒక కేసు. కుప్పంలో అనుమంతన్, ఒక కేసు. ముగ్గురూ ఫస్ట్ టైమర్లే."

"ముగ్గురూ ఒకడే మేడమ్! కన్నడం పక్క అప్ప అంటాడు, అరవం పక్క అన్ అంటాడు. యాడికి పోతే ఆడ పేరు."

భీమరావుగారు జాలిగా నవ్వారు. "చూడమ్మా, వ్యాకరణం వేరు, చట్టం వేరు. రుజువేది?"

"వాడు ఈడే ఉండాడు సార్. ముందు వరసలో. అడిగి సూడండి."

నిజంగానే ఉన్నాడు. 'మార్పు చెందినవారు' అని ముగ్గురికీ ఆహ్వానాలు పోయాయి. హనుమంతు ఒక్కడే వచ్చి, మూడు కుర్చీల్లో నడిమిదాంట్లో కూర్చుని, మూడు బిర్యానీ పొట్లాలూ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఛైర్మన్ గారు మర్యాదగా విచారణ జరిపారు.

"మీరు హనుమంతేనా?"

"ఔ సార్."

"హనుమంతప్ప?"

"నేనే సార్."

"అనుమంతన్?"

"ఆమా సార్."

"చూశావా అమ్మా, ముగ్గురూ హాజరు!" అన్నారు భీమరావుగారు. కుసుమగారు మూడు టిక్కులు పెట్టారు.

నాకు ఏడుపొచ్చింది. "సార్, మా ఆయన ఊళ్లో లేడు. ఇంట్లో నేనూ బిడ్డే. భయంగా ఉండాది సార్."

భీమరావుగారు కరిగిపోయారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సాక్షుల రక్షణ కూడా పథకంలో ఉందట. నన్ను క్షేమంగా ఇల్లు చేర్చమని ఆజ్ఞాపించారు. జీపు డ్రైవరు భోజనానికి పోయాడు.

"ఎవరైనా అటువైపు పోయేవాళ్లున్నారా?"

హనుమంతు లేచాడు. "నేను దింపుతా సార్. బండుండాది."

"ఇదీ మార్పంటే!" అన్నారు భీమరావుగారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కుసుమగారు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. బిడ్డ ఏడిస్తే, నవ్వించమని అతనికే చెప్పారు.

బయటికొచ్చాక అన్నాను, "నేను నడిచే పోతా."

హనుమంతు బలవంతం చేయలేదు. పొట్లాలు హ్యాండిల్‌కు తగిలించుకుని బండి స్టార్ట్ చేశాడు.

"సరే అమ్మా, మెల్లిగా రా. నేను ముందుపోయి ఇంటికాడ కూర్చోనుంటా."