ఇటాలియన్ నేర్చిన అల్లుడు

బీపీకి, షుగర్‌కి, భార్యతో వాదనకి కలిపి ఒకటే మందు: ఇటాలియన్ వ్యాకరణం! నవ్వకండి. ఈ వ్యాసకర్త స్వయంగా సేవించి చెబుతున్నాడు.

తాండూరులో నాపరాళ్ల వ్యాపారం చేసుకునే ఈ వ్యాసకర్తకి ఇటాలియన్ ఎందుకంటారా? ఇటలీకి రాయి అమ్మడానికి! వాళ్ల దగ్గర పాలరాయే గుట్టలుగా ఉంది కదా అని ఆయన భార్య అరుణాదేవి అడిగింది. భార్యలు ఇలాంటి చిన్న విషయాలే పట్టించుకుంటారు. ఆయన మాత్రం ఫోన్లో యాప్ వేసుకుని కూర్చున్నాడు.

ఎంత క్రమశిక్షణ గల భాషండీ! బల్ల మగ, కుర్చీ ఆడ. పుస్తకం మగ, తలుపు ఆడ. ప్రతిదాని ముందూ 'ఇల్' అనో, 'లో' అనో, 'లా' అనో ఒక బిళ్ల బంట్రోతు నడవాలి. ఇక విశేషణం వినయం చెప్పనలవి కాదు. మన పసుపు రాయి అక్కడ స్త్రీలింగం కాబట్టి 'పియెత్రా జాల్లా'. రాళ్లు ఎక్కువైతే 'పియెత్రె జాల్లె'. నామవాచకం ఎటు తిరిగితే విశేషణం అటే తిరుగుతుంది. ఇంత మర్యాద మన ఇళ్లలో ఉందా?

లాభాలు ఒకటా రెండా! షెడ్డులో పనిచేసే బీరప్ప "సేటూ, గీ బండ ఏడ పెట్టాలె?" అని అడిగితే, బండ ఆడో మగో తేలేదాకా ఆయన జవాబివ్వలేదు. బీరప్ప తనకు నచ్చినచోట పెట్టేసి పోయాడు. గొడవే లేదు! వికారాబాద్ రైల్లో 'ఇల్ త్రేనో, ఇ త్రేని' అని గొణుగుతుంటే, ఏదో జపమనుకుని పక్కాయన లేచి సీటు కూడా వదిలేశాడు. ఇంత గౌరవం ఎవరికి దక్కుతుంది?

మొన్న అరుణాదేవి పనిమీద వికారాబాద్ వెళ్లింది. ఇంట్లో అత్తగారూ అల్లుడూ మిగిలారు. అత్తగారిది సరిహద్దు అవతల సేడం, మాట కన్నడం. కంటి ఆపరేషన్ అయ్యాక కూతురి దగ్గరికి వచ్చింది. పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఈ ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు. తగాదా ఏమీ కాదు, మాటలు చేరవేయడానికి మధ్యలో అరుణాదేవి ఉంటుందిగా!

మధ్యాహ్నం అత్తగారు కళ్లు మూసుకుని కన్నడంలో ఏదో అంటూ మూలిగింది. అల్లుడు యాప్ ఆపి టీ పెట్టి ఇచ్చాడు. కాదంది. దిండు ఇచ్చాడు. కాదంది. ఫ్యాను పెంచాడు. ఆమె ముఖం ఇంకా ముడుచుకుపోయింది. ఆపరేషన్ చేసిన కన్ను, ఏమైనా అయితే?

"అల్లుడా, కన్ను మండుతున్నది. జర మందు ఎయ్యి," అంది అత్తగారు, శుభ్రమైన తెలుగులో!

గబగబా చుక్కలు వేశాడు. "మీకు తెలుగొస్తదా?" అని అడిగాడు.

"నీ పెండ్లప్పుడే నేర్చుకున్న. అల్లునితోని మాట్లాడాలె గద! నువ్వే ఎన్నడు మాట్లాడలే."

సిగ్గుతో చచ్చిపోయాడు. ఏదో ఒకటి చెప్పి తీరాలని నోరు తెరిచాడు. కానీ ముందు ఆమెను పిలవాలి కదా? 'అత్తా' అనాలా, 'అత్తమ్మా' అనాలా? ఇన్నేళ్లలో ఆ అవసరమే రాలేదు.