తూము చేపకు సగటు లెక్క

ఒక పెద్ద అడవికి తూర్పున సముద్రం ఉండేది. సింహంగారి గుహ వెచ్చగా ఉండాలని ఎక్కడినుంచో కిరణాలు చిమ్మే వేడిరాళ్ళు తెప్పించారు. ఆ రాళ్ళను చల్లార్చిన నీళ్ళు ఒక తూములోంచి సముద్రంలో కలిసేవి. సముద్రపు నీళ్ళలో, చేపల్లో రేడియోధార్మికత ఎంతుందో నెలనెలా కొలిచే ఉద్యోగం నీటికుక్క సుభాషిణిది.

సుభాషిణి పనిమంతురాలు. ఆ మాట అందరికంటే ఎక్కువగా తనే చెప్పుకునేది. పది చోట్ల నీళ్ళు ముంచి, చేపలు పట్టి, కొలిచే పెట్టె ముందు పెట్టి టిక్కులు లెక్కపెట్టేది. వంద టిక్కులు దాటిన చేప తినకూడదని అడవి చట్టం.

ఆ నెల తొమ్మిది చోట్ల చేపకు పదేసి టిక్కులు వచ్చాయి. తూము దగ్గరి చేపకు మాత్రం ఆరువందలు. పెట్టెను రెండు తట్లు తట్టి మళ్ళీ కొలిచింది. ఆరువందలే.

కార్యదర్శి నక్క దగ్గరికి పరుగెత్తింది.

"ఆరువందలా? మేడమ్, వచ్చే వారమే సింహంగారి పట్టాభిషేక ఉత్సవాలు. మీరు చదువుకున్నవారు. ఏదో ఒక దారి చూడండి."

చదువుకున్నవారు అనిపించుకున్నాక సుభాషిణి ఆగలేకపోయింది. పది అంకెలూ కూడి పదితో భాగించింది. అరవై తొమ్మిది! "సముద్రపు చేప సగటున క్షేమం" అని ఒడ్డున బోర్డు పెట్టించింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అదే ఆమె సంతోషం.

మర్నాడు గూడబాతు పోలమ్మ వచ్చింది. చేపలు పట్టి అమ్ముకుని బతికేది, వెనకాల ముగ్గురు పిల్లలు.

"అమ్మగారూ, నేను రోజూ తూము కాడే పడతాను. నా పిల్లలకి పెట్టేదీ ఆ చేపలే. నాకూ ఈ అరవై తొమ్మిదేనా?"

"అది సముద్రం మొత్తానికి, పోలమ్మా."

"నా పిల్లలు సముద్రం మొత్తం తినరు కదమ్మా!"

ఇలాంటి ప్రశ్నలకు సుభాషిణి వాడే వాక్యం ఒకటుంది, అదే వాడింది. "రాతపూర్వకంగా ఇవ్వు."

"నాకు రాత రాదమ్మా."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

అడవిలో గుసగుసలు మొదలయ్యాయి. వాటి నోరు మూయించడానికి నక్క ఉత్సవాల్లో చేపల విందు ఏర్పాటు చేసింది. అందరి ఎదుటా మొదటి ముద్ద సుభాషిణి తినాలి. చేపలు తెచ్చేది పోలమ్మ.

విందు రోజున సుభాషిణి ముందు కంచం పెట్టారు. బాగా కొవ్వుపట్టిన చేప, వేపుడు ఘుమఘుమలాడుతోంది.

"పోలమ్మా, ఇది ఎక్కడ పట్టావే?" గొంతు తగ్గించి అడిగింది.

"సగటున అన్ని చోట్లా, అమ్మగారూ!" పోలమ్మ గొంతు ఏమాత్రం తగ్గించలేదు. "తినండి. మీరు తింటే నేనూ నా పిల్లలకి ధైర్యంగా పెట్టుకుంటాను."

ముగ్గురు పిల్లలూ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. సుభాషిణి ముక్క పట్టుకుంది. ఒక్క ముక్కకు ఏమీ కాదని ఆమె చదువు చెప్పింది. చెయ్యి మాత్రం చదువుకోలేదేమో, నోటిదాకా రాలేదు. పిల్లల్ని చూసి ఆగానని తర్వాత అందరికీ చెప్పింది గానీ, అసలు వాళ్ళవైపు చూడకముందే ముక్క కంచంలో పెట్టేసింది.

"తినకండి! తూము చేపకు ఆరువందలు!" అని అరిచింది సుభాషిణి.

ఆత్రంగా ముందే మొదలుపెట్టేసిన సింహం నోట్లోది ఉమ్మేసింది. పోలమ్మ పిల్లల్ని తరుముకుంటూ ఆ పూటే దూరపు రేవుకు మకాం మార్చేసింది.

ఉద్యోగం ఊడిందనుకుని సుభాషిణి సామాను సర్దుకుంది. నక్క ఉత్తర్వు తెచ్చి చేతిలో పెట్టింది. తీరా చూస్తే పదోన్నతి! "ఇకపై సింహంగారి వంటింటికి వచ్చే ప్రతి చేపనూ విడివిడిగా కొలవవలెను. తక్కిన అడవికి సగటు చాలును."

సుభాషిణి రెండుసార్లు చదివింది. అభ్యంతరం రాయాలనుకుంది. జీతం ఎంత పెరుగుతుందో అడిగింది.

ఇందులో నేర్చుకోవాల్సిన నీతి: నిజం చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, ఆ చేప మన కంచంలో పడితే చాలు.