జిగురు వడ్డించిన రోజు

ఆ శనివారం తెల్లవారేసరికి మలావీ సరస్సు వైపు నుంచి మబ్బు లేచింది. నల్లది కాదు, తెల్లదీ కాదు. కురవడానికి వచ్చిందో, చూసి పోవడానికి వచ్చిందో తేల్చుకోలేనట్టు ఊరి మీదకి వచ్చి ఆగింది. వానలు మొదలయ్యే నవంబరులో ఊరంతా మబ్బుకేసి ఆశగా చూస్తుంది. జైలోసి ఒక్కడే దాన్ని పిలవని చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

అతనికి ఎండ కావాలి. కూతురు యాంకో కోసం అట్టలతో చేస్తున్న కారు సీటుకి చివరి పని ఆ రోజే పూర్తి కావాలి, ఆదివారమంతా అది ఎండాలి, సోమవారం పొద్దున యాంకో అందులో కూర్చుని సలీమా పట్నంలో బడికి వెళ్ళాలి. యాంకోకి ఆరేళ్ళు. మెడ నిలవదు. నడుము ఒకసారి కర్రలా బిగుసుకుంటుంది, ఒకసారి తడిబట్టలా జారిపోతుంది. మాట రాదు గాని ఆ పిల్లకి తెలియని విషయం ఇంట్లో లేదు. అవునంటే కళ్ళు పైకెత్తుతుంది, కాదంటే మూసుకుంటుంది. అలాంటి పిల్లల కోసం బడిలో కొత్తగా ఒక తరగతి పెట్టారు. "ఒడిలో పెట్టుకుని కారులో తేవద్దు. సరైన సీటుతో సోమవారం రండి. రాకపోతే ఆ చోటు ఇంకో బిడ్డకి ఇచ్చేస్తాం," అని టీచరమ్మ ముందే చెప్పింది.

సీటు విషయంలో ఇంట్లో రెండు పక్షాలున్నాయి. అద్దె కారు నడుపుకునే జైలోసి, సరిహద్దు దాటి వచ్చిన సరుకు అమ్మే సంతలో ఒక నల్ల సీటు కొన్నాడు. ప్లాస్టిక్కు తళతళలాడుతుంది. పట్టీలు కలిసే చోట ఎర్ర బొత్తాం. అత్తగారు నాఫిరి దాన్ని ఒక్క చూపు చూసి, "ఇది కూర్చోగల పిల్లల సీటు అల్లుడూ. మనకి కావలసింది కూర్చోబెట్టే సీటు," అంది. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే నర్సమ్మ దగ్గర ఆవిడ అట్టల పని నేర్చుకుంది. అట్ట మీద అట్ట, మధ్యన మొక్కజొన్న పిండి జిగురు. ఎండితే చెక్కే. నర్సమ్మ యాంకో నడుమూ వీపూ తలా కొలిచి, కారు బెల్టు దూరే చోటుతో సహా గీసిచ్చింది.

అత్తగారి ఊళ్ళో, అత్తగారి వాకిట్లో కాపురముంటున్న అల్లుడు ఎంత గట్టిగా వాదించగలడో జైలోసి అంత గట్టిగానూ వాదించాడు. అంటే, నల్ల సీటుని వసారాలో నలుగురికీ కనబడేలా పెట్టి ఊరుకున్నాడు. యాంకోని మాత్రం ఎవరూ అడగలేదు.

"అల్లుడూ, ఇంట్లో గిన్నె చాలదు. చర్చి ఆడవాళ్ళ పెద్ద కుండ పట్రా. వస్తూ కొట్ల దగ్గర అట్టపెట్టెలు కూడా ఏరుకురా," అంది నాఫిరి.

"ఆఖరి పొరకి అంత కుండెందుకు అత్తయ్యా?"

"తలకి రెండు పక్కలా చెవులు పెట్టొద్దూ? జిగురు తక్కువైతే పని మధ్యలో ఆపి నీ నల్ల సీటుని పొగుడుకుంటావు."

అతను పెద్ద కుండని కారు కప్పు మీద కట్టి, చుట్టూ అట్టపెట్టెలు పేర్చి, బజారు మధ్య నుంచి తాపీగా నడుపుకుంటూ వచ్చాడు. తప్పంతా అక్కడే జరిగింది. ఆ కుండ చావుకో, పెళ్ళికో, సాయం పంచడానికో తప్ప బయటికి రాదు. ఊళ్ళో ఎవరూ చావలేదు, పెళ్ళి మాటా లేదు. గాదెల్లో మొక్కజొన్న అడుగంటిన నెల. కుండ చుట్టూ ఉన్న పెట్టెల మీద నూనె డబ్బాల బొమ్మలు, బిస్కెట్ల బొమ్మలు. చూసినవాళ్ళకి వేరే ఎవరూ వచ్చి చెప్పవలసిన పని లేకపోయింది.

నాఫిరి రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టి ఇంట్లో మిగిలిన పిండంతా కలిపి తిప్పుతుండగానే, ముందు పిల్లలు కప్పులతో వచ్చారు. వాళ్ళ వెనక తల్లులు. ఆ వెనక పొరుగూరివాళ్ళు. ఎవరూ చెప్పకుండానే వరస కట్టి కూర్చున్నారు.

"ఇది గంజి కాదమ్మా, జిగురు," అన్నాడు జైలోసి ముందున్నామెతో.

"సరే నాయనా, జిగురే పొయ్యి."

"అట్టలు అతికించడానికి."

"నువ్వు అతికించుకో, ఎవరొద్దన్నారు? మాకు తలా ఒక కప్పు చాలు."

వెనక నుంచి ఇంకొకామె అందుకుంది. "పోయినేడు కూడా ముందు లేదనే అన్నారు. లేదు లేదని అలిసిపోయాకనే బస్తాలు దింపారు. అల్లుడు కొత్తవాడు, ఆ మర్యాదలు తెలీవు. వదిలెయ్ వదినా."

యాంకో పుట్టకముందు నుంచీ జైలోసి ఆ ఊళ్ళోనే ఉంటున్నాడు. అయినా కొత్తే.

ఇంతలో ఊరి పెద్ద కచింబా చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. "నా ఊళ్ళో సాయం పంచుతారు. నాకు మాత్రం కబురుండదు."

"సాయం కాదు పెద్దయ్యా..."

"నన్ను నిలబెట్టే మాట్లాడతావా? కుర్చీ ఏది?"

ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటి మీదా తడి అట్టలు పరిచి ఉన్నాయి. కచింబా చుట్టూ చూశాడు. వసారాలో నల్ల సీటు తళతళలాడుతోంది. కబురు పంపకపోయినా ఆసనం మాత్రం సిద్ధంగా ఉంచారనుకుని, కాస్త శాంతించి అందులో కూర్చున్నాడు. సీటు ఆయన తుంటిని రెండు వైపులా పట్టుకుంది. పట్టీలు చూసి ముచ్చటపడి, రెండు కొసలూ తెచ్చి ఎర్ర బొత్తాం దగ్గర గుచ్చాడు. టక్కుమంది.

"బాగుంది. ఇక వడ్డించండి," అన్నాడు.

"పెద్దయ్యా, అది నా మనవరాలి సీటుకి..." అంటూ నాఫిరి గరిటె గుండెకి హత్తుకుంది. కాని ఆ ఊరి ఆడవాళ్ళు సాయానికి వచ్చేటప్పుడు గరిటెలు తెచ్చుకునే వస్తారు. కప్పులు మునిగాయి, లేచాయి.

"ఉప్పు లేదు."

"చక్కెరా లేదు."

"సాయం గంజి ఎప్పుడు రుచిగా ఏడ్చింది గనక? తాగు."

జైలోసి నిలబడి చూస్తున్నాడు. కుండ అడుగు కనబడింది. అవతల చెట్టు నీడన అట్టల సీటు చెవుల్లేకుండా ఉంది. చెవులు లేనిదే యాంకో తల నిలవదు. తల నిలవనిదే సోమవారం లేదు. చాప మీద తల్లి ఒడిలో ఆనుకుని ఉన్న యాంకో, కప్పు కప్పుకీ కళ్ళు మూసుకుంటోంది.

"యాంకో నాన్నా, ఏదో ఒకటి చెయ్యి," అంది భార్య లొఫీనా.

అతను పెద్దాయన దగ్గరకి వెళ్ళాడు. "మీరు లేచి ఒక్క మాట అంటే ఆగుతారు."

కచింబా లేచాడు. సీటు కూడా లేచింది. కూర్చున్నాడు. బొత్తాం నొక్కాడు. జైలోసి నొక్కాడు. వరసలోంచి బలంగల వాళ్ళు వచ్చి తలా ఒకసారి నొక్కి, తలా ఒక సలహా ఇచ్చి వెళ్ళారు. బొత్తాం లోపలికి పోతోంది, పట్టీ బయటికి రావడం లేదు.

"అల్లుడూ," అన్నాడు కచింబా మెల్లగా. "ఇందులోనేనా నీ పిల్లని కూర్చోబెడదామనుకున్నావు?"

"అవునండీ."

"బండికి నిప్పంటుకుంటే?"

జైలోసి లోపలికి వెళ్ళి చేపలు కోసే కత్తి తెచ్చి, ఒక్కొక్క పట్టీ తనే కోశాడు. పెద్దాయన బయటపడ్డాడు. కొన్ననాటి నుంచీ రోజూ గుడ్డ పెట్టి తుడుస్తున్న ఆ సీటుని జైలోసి కోళ్ళ గూడు పక్కకి విసిరేశాడు. నాఫిరి చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

అప్పుడే లౌడుస్పీకరు లారీ వచ్చి ఆగింది. ఉపఎన్నికలో నిలబడిన చివావులా దుమ్ములోకి దూకాడు. ఫలానా ఊళ్ళో ఎదుటి పక్షంవాళ్ళు గంజి పోస్తున్నారని ఆయనకి కబురందింది.

"ఎవరు పోయించారు ఈ గంజి?"

"జైలోసి," అందొకామె మూతి తుడుచుకుంటూ.

"ఏ పార్టీ?"

"అల్లుడండీ."

చివావులాకి అలాంటి పార్టీ ఒకటుందని తెలియదు. అందుకే మరింత కంగారు పడ్డాడు. "ఉప్పు లేని గంజితో ఓట్లడుగుతారా? దింపండి బస్తాలు. చేపలు కూడా దింపండి," అన్నాడు. మర్నాటి సభకి దాచిన పిండి బస్తాలూ, ఎండు ఉసిపా చేపల గంపలూ నాఫిరి వాకిట్లో దిగాయి. వరసలో ఉన్నవాళ్ళు జైలోసి వైపు చూశారు. లేదు లేదని అన్నాక బస్తాలు దిగుతాయని వరసలో వెనకున్నామె చెప్పనే చెప్పింది కదా.

కచింబా తుంటి రాసుకుంటూ నిలబడి కర్ర నేలకేసి కొట్టాడు. "మొదటి కుండ జిగురుకి. రెండో కుండ కడుపుకి. మీరు తాగింది ఆ పిల్ల సీటు. అట్ట చింపని చేతికి ముద్ద లేదు."

ఆ తర్వాత ఆ వాకిట్లో అట్ట చిరిగే చప్పుడు తప్ప ఇంకోటి వినబడలేదు. పిల్లలు చింపారు, తల్లులు జిగురు పూశారు, నాఫిరి మధ్యలో నిలబడి అందరినీ తిట్టింది. వెనకబడటం ఇష్టంలేక చివావులా తన పోస్టర్ల కట్ట విప్పించాడు.

నాఫిరి ఒకటి తీసి నలిపి చూసింది. "కాగితం మంచిదే. మొహం లోపలికి పెట్టి అతికించండి."

చెవులు కుదిరేసరికి మబ్బు కొండల వైపు పోయింది. ఎండ విరగకాసింది. తడి చెవులు వాలిపోకుండా ఒకదాన్ని కచింబా, ఒకదాన్ని చివావులా పట్టుకున్నారు. ఆరే దాకా వదలడానికి లేదంది నాఫిరి. చేతులు ఖాళీ లేక చివావులా మైకు లేకుండానే మాట ఇచ్చాడు. "ఎన్నికలయ్యాక ఈ బిడ్డకి విమానంలో కొత్త సీటు తెప్పిస్తాను. తళతళలాడేది."

పొద్దున అయితే జైలోసి ఆ మాటకి ఉబ్బిపోయేవాడు. ఇప్పుడు, "పిల్లని అడగాలి," అన్నాడు. కూతుర్ని ఎత్తి, దుప్పటి పరిచి అట్టల సీటులో పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "యాంకో, అయ్యగారు కొత్త సీటు తెస్తారట. కావాలా?"

యాంకో కళ్ళు మూసుకుంది. రెప్పలు ముడతలు పడేంత గట్టిగా.

"మరి ఇదా?"

కళ్ళు పైకి లేచాయి. కళ్ళతో పాటు గడ్డం లేచింది. తల రెండు చెవుల మధ్యకి వెళ్ళి ఆనింది. అందరూ అది జారుతుందేమోనని చూశారు. జారలేదు. తండ్రిని ఒడిలోంచి కాకుండా ఎదురుగా, తిన్నగా చూసి యాంకో పెద్దగా నవ్వింది. నాఫిరి కుండ వైపు తిరిగి చాలాసేపు ఖాళీ కుండనే తిప్పింది.

సోమవారం ఆ సీటుకి కారు బెల్టు బిగించుకుని యాంకో బడికి వెళ్ళింది. దారి పొడుగునా కిటికీలోంచి మేకలనీ సైకిళ్ళనీ చూస్తూ వెళ్ళింది. అద్దెకి ఎక్కినవాళ్ళు ఆ సీటు పక్కన ఒదిగి కూర్చున్నారు. టీచరమ్మ సీటంతా తట్టి చూసి, పిల్లని లోపలికి తీసుకుంది. కాని అది తర్వాతి మాట.

శనివారం సాయంత్రం రెండో కుండ దిగింది. మొక్కజొన్న పిండితో వండిన వేడి న్సిమా ముద్దలు పళ్ళేల్లోకి వచ్చాయి, పక్కన ఉసిపా పులుసు. చెవులు ఆరాయని నాఫిరి వదిలేశాక పెద్దలిద్దరూ చేతులు కడుక్కుని చాప మీద కూలబడ్డారు. సీటులో తిన్నగా కూర్చున్న యాంకోకి తల్లి చిన్న చిన్న ముద్దలు పెడుతోంది. నెలరోజులుగా కడుపు నిండా తినని ఊరు మాట్లాడుతూ తినదు. ఆ వాకిట్లో నోట్లో ముద్ద లేనిది లారీ మీది లౌడుస్పీకరుకి ఒక్కదానికే.